తాళం వెయ్యని ఊరు

కూర్మమ్మకి మనుషుల మీద నమ్మకం లేదు. ఎవరైనా ఊరికే నవ్వితే వీడికేం కావాలో అనుకుంటుంది, నవ్వకపోతే వీడేం దాస్తున్నాడో అనుకుంటుంది. ఒడ్డున చేపల వేలంపాటలో పడవవాడు ఇప్పుడే దింపిన సరుకని తల్లి మీద ఒట్టేసినా సరే, మొప్పలు ఎత్తి ఎరుపు చూడందే తట్టలో వేసుకోదు. అలాంటి మనిషి దగ్గరికి కృపారాణి వచ్చి, "వచ్చే వారం ఒకాయన ఇళ్లు చూడ్డానికి వస్తారు కూర్మమ్మా, అడిగినదానికి ఉన్నది ఉన్నట్టు చెప్పండి చాలు" అంటే ఎలా ఉంటుంది చెప్పండి! ఉన్నది ఉన్నట్టు చెప్పమని ఒకరు పనిగట్టుకుని వచ్చి చెప్పారంటే అందులో తిరకాసు లేకుండా ఉంటుందా? ఆవిడ కారు ఊరు దాటేదాకా కూర్మమ్మ కళ్లు చిట్లించుకుని చూస్తూనే ఉంది.

కృపారాణిది శ్రీకాకుళం. వాళ్ల తాత మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసినవాడు. ఆవిడ చదువుకుని, ఉద్యోగం చేసి, అది వదిలేసి గూడు ట్రస్టు అని పెట్టింది. తుపాన్లకి పూరిళ్లు కొట్టుకుపోయిన పల్లెల్లో లాభం చూసుకోకుండా ఇళ్లు కట్టిస్తుంది. భోగాపురం దాటాక సముద్రం పక్కనుండే నీలయ్యపేటలో మొదటి వరస ఇళ్లు కట్టించి అప్పగించి మూడేళ్లయింది. రెండో వరసకి పునాదులు పడి అక్కడితో ఆగిపోయాయి. ఆ పునాదుల్లో మొదటిది కూర్మమ్మది. మొగుడు పోయాక టార్పాలిన్ కప్పిన పాకలో కొడుకునీ కోడల్నీ పెట్టుకుని ఉంటున్న ఆ మనిషి, రోజూ సాయంత్రం వెళ్లి ఆ పునాదిరాళ్ల మీద కాసేపు కూర్చుని వస్తుంది. ఇక్కడ పొయ్యి, ఇక్కడ మంచం, ఇక్కడ తట్టలు అని కోడలికి చేత్తో గాలిలో గీసి చూపిస్తుంది. కోడలు భారతి కడుపుతో ఉంది. పోయిన వానాకాలం పాకలోకి నీళ్లొచ్చి ఇద్దరూ రాత్రంతా నిలబడే ఉన్నారు. పసిగుడ్డుని చంకనేసుకుని ఇంకో వానాకాలం అలా నిలబడ్డం కూర్మమ్మ వల్ల కాదు.

సంగతేమిటంటే, పేదలకి లాభాపేక్ష లేకుండా ఇళ్లు కట్టే సంస్థల్లో మేలైనదానికి ఢిల్లీలో ఎవరో పెద్దలు ఏటా అవార్డు ఇస్తారట. ఈసారి గూడు ట్రస్టు పేరు చివరి వడపోత దాకా వచ్చిందట. అవార్డు వస్తే దాంతోపాటు రెండో వరస ఇళ్లు పూర్తిచేసే సాయమూ వస్తుంది. రాకపోతే పునాదులు పునాదులుగానే ఉంటాయి. కృపారాణి ఇదంతా దాచకుండా చెప్పింది. ఇళ్లు చూసే మనిషి వచ్చి వెళ్లేదాకా ట్రస్టువాళ్లెవరూ ఊళ్లో కాలుపెట్టకూడదనీ, ఫోన్ కూడా చెయ్యకూడదనీ, అది అవార్డు పద్ధతనీ చెప్పింది.

"వారం వారం వచ్చే మనిసి, ఇప్పుడు రాననడమేటి?" అంది కూర్మమ్మ కోడలితో. "ఇల్లు కట్టినోలకి బహుమానమేటి? అందులో ఉన్నోలకి కదా ఇవ్వాల! ఏదో ఉన్నాదే భారతీ. నాకు మాత్రం బాగోనేదు."

బాగోలేదని ఊరంతటికీ అనిపించింది. ఎందుకంటే నీలయ్యపేటలో సగంమంది మగాళ్లు వినాయక చవితి దాటకుండానే గుజరాత్‌లో ఉన్న వెరావల్ వెళ్లిపోతారు. అక్కడ పెద్ద బోట్ల మీద పని. కొందరు పెళ్లాం పిల్లల్నీ వెంటేసుకుపోయి మళ్లీ వేసవిలోనే తిరిగొస్తారు. కూర్మమ్మ కొడుకు భాస్కర్ కూడా అక్కడే ఉన్నాడు. మరి ఇది మార్గశిర మాసం. మొదటి వరసలో సగం ఇళ్లకి తాళాలు వేలాడుతున్నాయి.

వలల షెడ్డు కింద ఊరు కూర్చున్నప్పుడు ఈశ్వరి గొంతు తగ్గించి కబురు బయటపెట్టింది. ఈశ్వరిదీ పాకే, కూర్మమ్మ పాక పక్కనే.

"భోగాపురం ఆటోలో ఇన్నాను మావా. ఎక్కడో కోలనీలో తాళాలేసున్న ఇల్లన్నీ సూసుకుని ఎల్లిపోనారంట. మీకు అక్కర్నేదు కదా అని ఎయిర్‌పోర్టు పనోలకి ఇచ్చీసినారంట."

"ఎవులు సెప్పినారే?" అన్నాడు నూకయ్య. ఆయన ఊరి పెద్ద. ఒడ్డున చేపల పాట పాడించేదీ ఆయనే, ఊరి తగవులు తీర్చేదీ ఆయనే.

"ఆటోలో నా పక్కన కూకున్నావిడ."

"ఆవిడికెవులు సెప్పినారు?"

"ఆవిడ తోటికోడలికి ఎవులో సెప్పినారంట."

ఇంకేం కావాలి! పేపర్లో వేస్తే నమ్మని ఊరు, తోటికోడలికి ఎవరో చెప్పారంటే ఠక్కున నమ్మేసింది. పక్కనే విమానాలు దిగే చోటు తయారవుతుంటే, ఇసక కూడా బంగారం ధర పలుకుతుంటే, ఢిల్లీ నుంచి మనిషి వచ్చి ఇళ్లు చూసి ఊరికే పోతాడా?

నూకయ్య కండువా దులిపి లేచాడు. "ఇనండి. వచ్చినోడి కంటికి ఒక్క తాళం అగుపడకూడదు. పాకల్లో ఉన్నోలు ఎల్లి ఆ ఇల్లల్లో కూకోండి, మాదే అని సెప్పండి. ఎవులు ఏటడిగినా ఒకటే మాట. మాం ఎక్కడికీ ఎల్లం, ఇంటికి తాళం ముట్టం. ఇది ఊరి కట్టుబాటు. దాటినోలకి ఒడ్డున సేప నేదు."

పోలీసు కేసైతే తిరిగి తిరిగి ఎలాగో బయటపడొచ్చు. కట్టుబాటు దాటితే అలా కాదు. పాటలో నీకు చేప ఇవ్వరు, నీ మగాణ్ణి పడవెక్కించుకోరు, పెళ్లికీ చావుకీ ఊరు నీ గుమ్మం తొక్కదు. అందుకే అందరూ తలలూపారు. కూర్మమ్మా ఊపింది.

ఆమెకి గంగులు ఇల్లు ఇచ్చారు. గంగులు సంసారంతో సహా వెరావల్‌లో ఉన్నాడు, తాళంచెవి నూకయ్య భార్య లక్ష్మణమ్మ దగ్గర ఉంది. రెండు రోజులు ముందే భారతిని తీసుకుని కూర్మమ్మ అందులోకి మారింది. చల్లటి గచ్చు మీద పడుకుని భారతి ఎన్నాళ్లకో నిద్రపోయింది. కూర్మమ్మకి మాత్రం కన్ను మూతపడలేదు. ఊళ్లో ఇంతమందుండగా నన్నే ఈ ఇంట్లో ఎందుకు పెట్టాడీ ముసలాడు? రేపు రెండో వరస కట్టేసరికి, నీకు గంగులిల్లు ఉన్నాది కదేటే, ఢిల్లీ మనిసికి నువ్వే సెప్పినావు కదా అని నా పునాది ఇంకెవరికైనా ఇచ్చేస్తాడా? ఆ ఆలోచన రాగానే లేచి కూర్చుంది. లేచి ఏం చేస్తుంది? మళ్లీ పడుకుంది.

ఆ మనిషి రానే వచ్చాడు. పేరు పృథ్వీరాజ్. నలభై దాటినవాడు, హైదరాబాద్ వైపు మాట, పొడుగాటి చొక్కా, మెళ్లో కెమెరా. వచ్చీ రాగానే గోడలు కాదు, తలుపులు చూడ్డం మొదలుపెట్టాడు. గొళ్లేలు చూశాడు, కిటికీల ఇనపరెక్కలు మూసి తెరిచి చూశాడు. గోడలు చూసేవాడైతే ఇంజనీరు అనుకోవచ్చు, గొళ్లేలు చూసేవాణ్ణి ఏమనుకోవాలి? కూర్మమ్మ కిటికీలోంచి చూస్తూ, వీడు తాళాల కోసమే వచ్చాడని తేల్చేసుకుంది.

ఒక్కో ఇంటి ముందూ ఆగి అదే ప్రశ్న అడుగుతున్నాడు. వెరావల్ వెళ్తారా? వెళ్లినప్పుడు ఇంటికి తాళం వేస్తారా? ఒక్కో ఇంట్లోంచీ అదే జవాబు వస్తోంది. మాం ఎక్కడికీ ఎల్లం బాబూ, ఇంటికి తాళం ముట్టం. ముసలీ అదే, పడుచూ అదే, పాలు తాగే పిల్ల ఒక్కతే తక్కువ. వింటున్నకొద్దీ ఆయన మొహం ముడుచుకుపోతోంది.

కూర్మమ్మ గుమ్మంలోకి వచ్చేసరికి బాగా పొద్దెక్కింది.

"అమ్మా, ఇది మీ ఇల్లేనా?"

"మాదే బాబూ. ఇదిగో మా కోడలు."

"ఈ గొళ్లెం ఇంతలా అరిగిందేం? తాళం వేసీ తీసీ అరిగినట్టుంది."

"గాలికి బాబూ. సముద్రం గాలి కదేటి."

ఆయన ఇనప గొళ్లేన్నీ ఆమెనీ మార్చి మార్చి చూశాడు. లోపలికొచ్చి పైన అటక వైపు తలెత్తి, "ఆ పైన లైటుందా?" అన్నాడు. కూర్మమ్మ గోడంతా తడిమింది. ఒకటి నొక్కితే ఫ్యాను తిరిగింది, ఇంకోటి నొక్కితే వీధి లైటు వెలిగింది.

"మీ ఇంట్లో స్విచ్చి మీకు తెలియదా?"

"మా కొడుకు ఏసుకుంటాడు బాబూ, నాను ముట్టుకోను. కరెంటంటే నాకు బయిం."

"కొడుకెక్కడ?"

"సముద్రం మీద" అంది. అది మాత్రం నిజమే, కాకపోతే ఏ సముద్రమో చెప్పలేదు. తన తెలివికి తనే కొంచెం మురిసింది.

పృథ్వీరాజ్ బయటికొచ్చి అరుగు మీద కూలబడ్డాడు. భారతి గ్లాసులో టీ తెచ్చిచ్చింది. ఆయన తాగుతూ సముద్రం వైపు చూసి, ఎవరితోనో చెప్పుకుంటున్నట్టు అన్నాడు.

"పాపం, మీ తప్పేం లేదమ్మా. ఆ ట్రస్టు రాసింది చదివి నేనే పిచ్చివాణ్ణయ్యాను."

"ఏటి రాసినారు బాబూ?" కూర్మమ్మ నోరు ఊరుకోలేదు.

"ఇళ్లు కట్టేవాళ్లు దేశమంతా ఉన్నారమ్మా. కానీ ఏడాదిలో సగంకాలం వదిలి వెళ్లిపోయే జనానికి ఇళ్లు కట్టామని ఈవిడొక్కతే రాసింది. మనుషులు వెరావల్లో ఉంటే ఇల్లు తాళంతో పదిలంగా ఉండేలా కట్టామంది. ఉప్పుగాలికి పాడవని తలుపులట. వలలూ సామానూ దాచుకోడానికి అటకలట. వెళ్లేవాళ్లు తాళంచెవి పక్కింట్లో ఇచ్చి ధైర్యంగా వెళ్తారట, సగం వరస తాళాలతోనే ఉంటుందట. ఆ మాట నచ్చే మావాళ్లు ఈ సంస్థని ఇంతదాకా తెచ్చారు. నేను వచ్చింది ఆ తాళాలు చూడ్డానికే. ఒక్కటీ లేదు. ఎవరూ ఎక్కడికీ వెళ్లరట. అంటే ఆవిడ రాసిందంతా కట్టుకథ. అదే రాసిస్తాను, ఇంకేం చేస్తాను?"

గ్లాసు అరుగు మీద పెట్టి సంచీ సర్దుకోసాగాడు.

కూర్మమ్మకి నిజం నాలుక చివరిదాకా వచ్చింది. మరుక్షణమే ఆమె బుద్ధి ఆమెకి అడ్డంపడింది. ఇది ఎరేమో! నిజం కక్కించడానికి ఇలాగే మెత్తగా మాట్లాడతారు. నిజం చెప్పు, నిన్నేం చెయ్యం అని పోలీసులు అనరా? తాళాలుంటే అవార్డిస్తాను అని ఆశపెట్టి, చూపించాక తాళమున్న ఇళ్లన్నీ రాసుకుపోతే? గంగులు ఇల్లు పోతుంది, నలుగురి ఇళ్లూ పోతాయి, ఊరు తనని బతకనివ్వదు. ఆయన మొహంలోకి చూసింది. అలసట కనిపించింది, అంతే. దొంగ కూడా అలసిపోతాడు కదా!

గుమ్మంలో భారతి పొట్ట మీద చెయ్యేసుకుని నిలబడింది. అత్తకేసి ఒకసారి చూసి, ఎదురుగా ఉన్న పునాదులకేసి చూసింది. పునాదిలో తుప్పలు మొలిచాయి. వాటి మీద ఎవరిదో చీర ఆరేసి ఉంది.

ఆయన మీద నమ్మకం కుదిరి కాదు. ఇప్పటికీ కుదరలేదు. కానీ నోరు మూసుకుంటే ఆ తుప్పలు అక్కడే పెరుగుతాయని మాత్రం కూర్మమ్మకి రూఢిగా తెలిసిపోయింది.

"బాబూ, కూకో. ఇది నా ఇల్లు కాదు" అంది. "గంగులుది. ఆల్లు వెరావల్ ఎల్లినారు. మా వోడూ అక్కడే ఉన్నాడు. మేమంతా అబద్ధమాడినాం."

పృథ్వీరాజ్ చెయ్యి సంచీ మీద ఆగింది. అయితే మొహం మాత్రం విచ్చుకోలేదు సరికదా, ఇంకా ముడుచుకుంది.

"పొద్దున్నుంచి ఊరంతా ఒక మాట చెప్పింది. నాకేం కావాలో నేను నోరుజారి చెప్పేశాను. వెంటనే మీరు అదే చెప్తున్నారు. ఎలా నమ్మమంటారమ్మా? ట్రస్టువాళ్లు మిమ్మల్ని ఇక్కడ కూర్చోబెట్టారా?"

కూర్మమ్మకి ఒళ్లు మండిపోయింది. జన్మంతా ఊరందర్నీ అనుమానించిన మనిషి. తనని ఒకడు అనుమానిస్తే ఎలా ఉంటుందో ఇప్పుడే తెలిసింది. అది కూడా జన్మకోసారి నిజం చెప్పిన పూట!

"నన్నెవులు కూకోబెడతారు? నన్ను కూకోబెట్టే మొనగాడు పుట్టనేదు! సూడు మరి!" అంటూ లోపలికి దూసుకుపోయింది. చాప చుట్టింది, పొయ్యి ఎత్తింది, గిన్నెలు తట్టలో పడేసింది. "ఒసే భారతీ, బయటికి రాయే!" అని కోడల్ని లాక్కొచ్చి, గంగులు ఇంటి తలుపు ధన్‌మని మూసింది. అంతా నెత్తికెత్తుకుని నడివీధిలో నిలబడింది.

"ఒసే ఈశ్వరీ! ఆ ఇల్లు నీదే అయితే అటక మీద ఏటున్నాదో సెప్పే!"

పక్కింటి గుమ్మంలో ఈశ్వరి నోరెళ్లబెట్టింది. "నా... నాకేటి తెలుసు!"

"తెలీదు కదా? నీ పాక నా పాక పక్కన కదేటి? ఈ బాబుకి సెప్పు!"

జనం పోగయ్యారు. వలల షెడ్డు దగ్గర్నుంచి నూకయ్య పరుగులాంటి నడకతో వచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది. ఢిల్లీ మనిషి ఎదురుగా ఉన్నాడన్న సంగతి కూడా మరిచిపోయాడు.

"ఏటే కూర్మీ, నీకు మతి పోనాదేటి? ఊరు ఒక మాటనుకున్నాక నోరిప్పుతావా? కట్టుబాటు దాటుతావా?"

"దాటినాను మావా. ఈ బాబు తాళాలు సూడ్డానికే వచ్చినాడు. మనం దాసీసి కృపమ్మ గొంతు కోసినాం."

"ఆడు సెప్పినాడు, నువ్వు నమ్మినావు! ఇనండి అందరూ! రేపట్నించి దీనికి ఒడ్డున సేప నేదు. దీని ఇంటికి ఎవులూ ఎల్లరు, దీని కొడుకుని ఏ పడవా ఎక్కించుకోదు. ఇది ఊరి మాట!"

కూర్మమ్మ గిన్నెల తట్ట నేల మీద దింపేసింది. ఏడుపొచ్చింది, ఏడ్చింది కూడా, దాచుకోలేదు.

పృథ్వీరాజ్ ఆమె దగ్గరికి వచ్చి నెమ్మదిగా అన్నాడు. "కూర్చోబెట్టిన మనిషికి ఇంత శిక్ష వెయ్యరమ్మా. ఇప్పుడు నమ్ముతున్నాను. తాళంచెవులు ఎవరి దగ్గరున్నాయో చెప్పండి."

కూర్మమ్మ తలెత్తి లక్ష్మణమ్మ వైపు చూసింది. లక్ష్మణమ్మ మొగుడి మొహం చూసింది, భారతి పొట్ట చూసింది, నడుమున చెక్కుకున్న తాళంచెవుల గుత్తి తీసి ఆయనకి ఇచ్చేసింది. ఆయన ఒక్కో ఇల్లూ తిరిగి అటకలెక్కి చూశాడు. గంగులు అటక మీద వలలూ, పెళ్లినాటి మంచమూ, పిల్లల పుస్తకాలూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. కెమెరా తీసి సాయంత్రం దాకా ఫోటోలు తీసుకుని వెళ్లిపోయాడు.

ఇళ్లు రాసుకుపోవడానికి ఎవరూ రాలేదు. అవార్డు మాత్రం వచ్చింది.

వేసవిలో కృపారాణి మనుషులు దిగి రెండో వరస మొదలుపెట్టారు. ఊరు సంబరపడింది. కానీ నూకయ్య మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. తీసుకుంటే ఆయన చెప్పింది తప్పని ఒప్పుకున్నట్టే కదా! కూర్మమ్మ విజయనగరం మార్కెట్లో ఎండుచేప కొనుక్కుని ఊరూరా తిరిగి అమ్మింది. మిగిలేది బస్సు ఛార్జీకీ టీకీ సరిపోయేది. భారతికి ఆడపిల్ల పుట్టింది. బాలింతని చూడ్డానికి ఊళ్లో ఒక్క ఆడది రాలేదు. కృపారాణి వెళ్లి నూకయ్యకి రెండుసార్లు నచ్చజెప్పింది. "సూద్దాం అమ్మగోరూ" అన్నాడు. ఆ చూడ్డం ఎప్పటికీ అవలేదు.

శ్రావణంలో ఇళ్లు పూర్తయ్యాయి. ఒడ్డున షామియానా వేసి, అవార్డుగా ఇచ్చిన ఇత్తడి ఫలకాన్ని బల్ల మీద పెట్టి, కృపారాణి ఇళ్లు అప్పగించింది. కూర్మమ్మ తన ఇంట్లో పాలు పొంగించింది. పొంగిన పాలు ఎవరికీ ఇవ్వడానికి లేక తల్లీ కొడుకూ కోడలూ ముగ్గురే తాగారు.

"సాల్లే అమ్మా" అన్నాడు భాస్కర్. "రేపు సాయంత్రం విజయనగరంలో రైలు. నీకూ టిక్కెట్టు తీసినాను. అందరం వెరావల్ ఎల్లిపోదాం. అక్కడ సేపల షెడ్లలో ఆడోలకి పనుంటాది. ఇక్కడ సేప నేకుండా ఏటి తింటావు?"

"ఇల్లు కట్టించుకున్నది ఒగ్గీసి పోడానికేటిరా?" అంది కూర్మమ్మ. వెరావల్ వెళ్లినవాళ్లు వేసవిలో తిరిగొస్తారు, ఎందుకంటే వాళ్లకి ఊరుంది. తనకి ఎవరున్నారని తిరిగొస్తుంది? పసిదాన్ని ఒళ్లో వేసుకుని కొత్త గోడకి ఆనుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది.

బయట మైకులో నూకయ్య మాట్లాడుతున్నాడు. మెళ్లో శాలువా పడేసరికి ఆయనకి మాటలు వరదలా వచ్చేస్తున్నాయి. "ఢిల్లీ నుంచి వచ్చిన బాబుకి మా నీలయ్యపేట ఉన్నది ఉన్నట్టు సెప్పినాది! మా ఊల్లో అబద్ధం నేదు, దాపరికం నేదు! అందుకే ఈ అవార్డు వచ్చినాది!" జనం చప్పట్లు కొట్టారు. ఈశ్వరి అందరికంటే గట్టిగా కొట్టింది. కూర్మమ్మ ఏడుపు ఆగిపోయింది. ఊరు ఉన్నది ఉన్నట్టు సెప్పినాదన్న ఆ మాట మళ్లీ ఒకసారి మనసులో అనుకుంది.

మర్నాడు తెల్లవారి పడవలు ఒడ్డెక్కేసరికి కూర్మమ్మ తట్ట పట్టుకుని పాట దగ్గర నిలబడి ఉంది. ఆడవాళ్లు పక్కకి జరిగారు. ఇసక మీద గుట్టగా పోసిన కానాగంత చేపల ముందు నూకయ్య గొంతు సవరించుకుని, ఆమెని చూసి ఆగాడు.

"నీకు సేప నేదని తెల్దేటే?"

"తెలుసు మావా. ఒక్క మాటడిగి ఎల్లిపోతాను. సాయంత్రం నాకు రైలున్నాది." అందరికీ వినపడేలాగే అంది. "నిన్న మైకులో నువ్వే సెప్పినావు కదా, ఆ బాబుకి ఊరు ఉన్నది ఉన్నట్టు సెప్పినాదని. ఊరు నిజం సెప్పీసుంటే మరి నాను దాటిన కట్టుబాటేటి? నాను కట్టుబాటు దాటిందే నిజమైతే, ఊరు అబద్ధమాడినందుకు నీకు ఆ శాలువా కప్పినారేటి? ఏదో ఒకటి సెప్పు. ఏదైనా పర్నేదు, ఎల్లిపోతాను."

పడవల మీది కుర్రాళ్లు వలలు దులపడం ఆపి చూస్తున్నారు. వెనకనుంచి ఎవరో కిసుక్కున నవ్వి నోరు మూసుకున్నారు. ఈశ్వరి తల వంచుకుని కాలి బొటనవేలితో ఇసక గీస్తోంది. నూకయ్య ఆ గుంపులో ఒక్కో మొహం వైపూ చూశాడు. నిన్న చప్పట్లు కొట్టిన మొహాలే అన్నీ. లక్ష్మణమ్మ కళ్లు తిప్పుకోకుండా మొగుడికేసే చూస్తోంది.

నూకయ్య కానాగంతల గుట్ట వైపు తిరిగాడు. ఎవరి మొహమూ చూడకుండా పాట ఎత్తుకున్నాడు. కూర్మమ్మ ధర చెప్పింది. ఆయన ఆగాడు. పైపాట ఎవరైనా పాడతారేమో అని అటూ ఇటూ చూశాడు. ఒక్క ఆడది నోరు విప్పలేదు.

"ఒకటో పాట" అన్నాడు. "రెండో పాట." ఇంకోసారి ఆగాడు. సముద్రం కేసి చూస్తూ, "మూడో పాట. తీసుకో" అన్నాడు.

కూర్మమ్మ వంగి చేపలు తట్టలోకి ఎత్తుకుంది. తొందరలో రెండు చేపలు ఇసకలో జారిపడ్డాయి. పక్కనున్న ఈశ్వరి వాటిని తీసి, నీళ్లలో జాడించి తట్టలో వేసింది. కూర్మమ్మ రోడ్డెక్కి ఆటో ఆపి, కొడుక్కి ఫోన్ చేసి, తనవీ భారతివీ టిక్కెట్లు రద్దు చేసెయ్యమంది.

"ఇచ్చీసినారేటమ్మా? నిజంగా ఇచ్చీసినారా?" అని భాస్కర్ అవతలనుంచి అరుస్తున్నాడు.

"ఈరోజుకి ఇచ్చినారు. రేపు ఇస్తారో నేదో ఆల్లని నమ్మడానికి నేదు, రేపు మళ్లీ ఎల్లి నిలబడతాను" అని ఫోన్ పెట్టేసి, మార్కెట్ టైముకి అందాలి బేగి పోనివ్వమని ఆటోవాణ్ణి కసురుకుంది.